చమురు బార్జ్ మీద ట్యాంకర్‌మన్: బోటు ఉద్యోగమా, ఒడ్డు ఉద్యోగమా?

అమెరికాలోని హ్యూస్టన్ షిప్ ఛానల్‌లో, మిసిసిపి నది మీద చమురు బార్జ్‌లను (సొంతంగా కదలలేని, బల్లపరుపు సరుకు పడవలను) నింపి, ఖాళీ చేసే మనిషిని ట్యాంకర్‌మన్ అంటారు. ఈ పనిలో రెండు దారులున్నాయి. ఒకటి, బార్జ్‌లను నెట్టే టోబోటు మీదే ఉండి పనిచేయడం. 28 రోజులు పని, 14 రోజులు ఇల్లు లాంటి లెక్కలుంటాయి. రెండోది, ఫోన్ రాగానే కారులో రేవుకు వెళ్లి, సరుకు పని పూర్తిచేసి ఇంటికి రావడం. రెండోదే హాయి అని చాలామంది అనుకుంటారు. కొత్తగా చేరేవాళ్ల విషయంలో మాత్రం నేను ఒప్పుకోను.

అర్హత ఇద్దరికీ ఒకటే, ఇచ్చేది అమెరికా కోస్ట్ గార్డ్. 18 ఏళ్లు నిండాలి, ట్యాంక్ బార్జ్‌ల మీద 60 రోజుల అనుభవం, కనీసం 10 సార్లు సరుకు మార్పిడిలో పాల్గొన్న రుజువు, మంటలార్పే శిక్షణ కావాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ అవకాశం ఉంది.

తేడా అంతా పక్కన ఎవరున్నారన్న దగ్గర వస్తుంది. నదుల్లో తిరిగే పెద్ద బార్జ్ సుమారు 30,000 బ్యారెళ్లు పడుతుంది. అంటే దాదాపు 48 లక్షల లీటర్లు, మన 20 వేల లీటర్ల లారీ ట్యాంకర్లు 240. నింపేటప్పుడు పంపు టెర్మినల్ (ఒడ్డున చమురు నిల్వచేసే కేంద్రం) వాళ్లది, వాల్వ్‌లు మీవి. చివరి అంగుళాల్లోనే అసలు పరీక్ష. ఒక ట్యాంకు నిండుతుండగా ఇంకోటి తెరవాలి, వేగం తగ్గించమని ముందే రేడియోలో చెప్పాలి. మీరు ఆపమన్న క్షణాన పంపు ఆగదు, ఆ వ్యవధిని కూడా లెక్కలో పెట్టుకోవాలి. పని మొదలయ్యే ముందు తనిఖీ పత్రం మీద టెర్మినల్ వాళ్లతో పాటు మీరూ సంతకం చేస్తారు. కాబట్టి నూనె నీళ్లలో పడితే ముందు అడిగేది మిమ్మల్నే.

ఖాళీ చేయడం మరో విద్య. అప్పుడు పంపు బార్జ్‌దే, డీజిల్ ఇంజన్‌తో నడుస్తుంది. ట్యాంకు అడుగంటుతుంటే పంపు చప్పుడు మారుతుంది, ఆ మార్పును చెవి పట్టుకోవాలి. ట్యాంకులను ఇష్టమొచ్చిన వరుసలో ఖాళీ చేస్తే బార్జ్ నడుము వంగుతుంది, విరిగే ప్రమాదమూ ఉంది. ముడిచమురులో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన రావట్లేదంటే వాయువు లేదని కాదు. ఛాతీ మీద ఆ వాయువును పసిగట్టే మీటర్ ఉండాల్సిందే.

ఇవన్నీ బోటు మీదైతే సీనియర్ పక్కన నిలబడి నేర్చుకోవచ్చు. అవే బార్జ్‌లు, అవే పంపులు మళ్లీ మళ్లీ చేతికొస్తాయి. నీరు తగ్గితే బార్జ్‌ను రేవుకు కట్టిన తాళ్లు బిగుసుకుంటాయని డెక్ పని చేసినవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. ఒడ్డు ఉద్యోగంలో చాలాసార్లు అర్ధరాత్రి, ముక్కూ మొహం తెలియని బార్జ్ మీద మీరొక్కరే ఉంటారు.

బోటు కష్టం తక్కువేం కాదు. ఆరు గంటలు పని, ఆరు గంటలు విశ్రాంతి అనే పద్ధతిలో నిద్ర ముక్కలైపోతుంది. పండగలూ, పిల్లల పుట్టినరోజులూ నది మీదే గడిచిపోతాయి. సాధారణంగా జీతం రోజు లెక్కన వస్తుంది, తిండీ పడకా బోటువే. ఒడ్డున గంటల లెక్క ఎక్కువ. పని దొరికిన వారం బాగుంటుంది, దొరకని వారం ఫోన్ వైపు చూస్తూ కూర్చోవాలి.

అందుకే మొదటి రెండేళ్లు బోటు మీద చేసి, తర్వాత ఒడ్డుకు మారడమే మేలని నా అభిప్రాయం. ఇంట్లో చంటిపిల్ల ఉండో, పెద్దవాళ్లను చూసుకోవాల్సి వచ్చో బోటెక్కలేనివాళ్లుంటారు. వాళ్లు ఒడ్డు కంపెనీలో చేరేముందు జీతం కంటే ముందు ఒక్క మాట అడగాలి: “నన్ను ఒంటరిగా పంపేలోపు ఎన్ని బార్జ్‌లు సీనియర్‌తో చేయిస్తారు?”