ఆరేళ్లుగా తింటున్న జాజాంగ్‌మ్యోన్

సువాన్‌లో అద్దె ఇంట్లో దిగిన రోజు, పెట్టెలు విప్పకముందే ఇంటి యజమానురాలు జాజాంగ్‌మ్యోన్ తెప్పించారు. ఇల్లు మారిన రోజు దాన్నే తినడం కొరియాలో ఆనవాయితీ. నల్లగా నిగనిగలాడే ఆ నూడుల్స్‌ను చూసి అప్పుడు జంకాను. ఆరేళ్లయింది. ఆ వంటకం పంపిన వీధి చివరి చిన్న చైనీస్ హోటల్‌కే ఇప్పటికీ నెలకు రెండు మూడుసార్లు వెళ్తున్నాను.

అక్కడ నేను అడిగేది గాన్‌జాజాంగ్. మామూలు జాజాంగ్‌లో పిండినీళ్లు పోసి చిక్కబరుస్తారు. దీనికి నీళ్లు పోయరు. మనం చెప్పాకే చున్‌జాంగ్ అనే నల్ల సోయా ముద్దనూ, పంది మాంసాన్నీ, ఉల్లిపాయలనూ పెద్ద మంట మీద వేయించి వేరే గిన్నెలో తెస్తారు. ముద్ద సరిగ్గా వేగకపోతే చేదు నిలిచిపోతుంది, మాడితే ఇక తినలేం. ఈ ఆరేళ్లలో వంటాయన చేయి ఒక్కసారీ తప్పలేదు. ఉల్లిపాయ పంటి కింద ఇంకా కరకరలాడుతూనే ఉంటుంది. వచ్చిన వెంటనే కలపాలి, ఆలస్యమైతే నూడుల్స్ అంటుకుపోతాయి. పక్కన పసుపుపచ్చని దాన్‌ముజి ముల్లంగి, పచ్చి ఉల్లిపాయ పెడతారు. పెరుగన్నంలో ఉల్లిపాయ కొరుక్కునే నాకు అది కొత్తగా అనిపించలేదు.

చైనాలోని షాన్‌డాంగ్ నుంచి వచ్చినవారు ఇంచియాన్ రేవులో మొదలుపెట్టిన వంట ఇది. ఆ రేవు 1883లో తెరుచుకుంది. అక్కడి పాత గొంగ్‌హ్వాచున్ హోటల్ భవనంలో 2012 నుంచి జాజాంగ్‌మ్యోన్ మ్యూజియం నడుస్తోంది. తీరిక చేసుకుని చూడండి.

తాంగ్‌సుయుక్ మాత్రం హోటల్లోనే తినాలి. పంది మాంసం ముక్కలకు తడి పిండి పట్టించి రెండుసార్లు వేయిస్తారు. పైపొర తెల్లగా, పెళుసుగా, లోపల మెత్తగా ఉంటుంది. పుల్లని, తియ్యని పులుసు పైన పోయాలా, ముంచుకోవాలా అని ఇక్కడ ఇళ్లలో వాదనలే నడుస్తాయి. నాది ముంచుకునే పక్షం. పులుసు పోస్తే నాలుగు నిమిషాల్లో ఆ కరకర పోతుంది. ఇంటికి తెప్పిస్తే డబ్బా మూత కింది ఆవిరికే మెత్తబడుతుంది. ఈ హోటల్ మీద నా ఫిర్యాదు అదొక్కటే.

జంపోంగ్ అనే ఎర్రని నూడుల్స్ సూప్ ఫరవాలేదు. ఎరుపు చూసి కారం ఆశించకండి, ఉప్పే ఎక్కువ. పంది మాంసం తినని వారు ముందుగా అడగండి, జాజాంగ్ సాస్‌లోనే ముక్కలుంటాయి.

వడ్డించే పెద్దావిడను అందరూ 'ఇమో' అంటారు, అంటే పిన్ని. నూడుల్స్ అయిపోయి సాస్ మిగిలితే, నేను అడగకుండానే ఆవిడ గిన్నెడు అన్నం తెచ్చి నా ముందు పెడతారు.