పాత బేస్ గిటార్‌కి పికప్ (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం) మార్చాలా, అమ్మేసి వేరేది కొనాలా?

హనుమకొండలో చర్చి బ్యాండ్లలో, ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించే పిల్లలకి ఎప్పుడూ ఉండే సందేహమే ఇది. ముందు నెక్ (తీగలు నొక్కే పొడవాటి కర్ర) చూడండి. లావు తీగని మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గరా, నెక్ బాడీలో కలిసే చోటా ఒకేసారి నొక్కి పడితే మధ్యలో, ఏడో ఫ్రెట్ దగ్గర, తీగ కింద సన్నటి సందు కనిపించాలి; ఎక్కువుంటే నెక్ లోపలుండే ఇనుప కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని, బిగిస్తే సరిపోతుంది, కానీ నెక్ మెలి తిరిగి ఉంటే దాని మీద రూపాయి కూడా పెట్టొద్దు.

ఖర్చు: పికప్ మార్చడం తక్కువలో పోతుంది, కానీ అమ్మేటప్పుడు ఆ డబ్బు రాదు, అందుకే పాత పికప్‌ని స్క్రూలతో సహా దాచండి. అమ్మి కొంటే పైన వేసుకోవాలి, బేరాల తలనొప్పి వేరే.

శ్రమ: పీ-బేస్‌కి (ఫెండర్ ప్రెసిషన్ మోడల్‌కి) అదే సైజు పికప్ దొరుకుతుంది, సోల్డరింగ్ వస్తే సాయంత్రం పని. ప్రీయాంప్ (సౌండ్‌ని పెంచి టోన్ మార్చే చిన్న సర్క్యూట్) అయితే 9 వోల్టుల బ్యాటరీకి చోటు కావాలి, దానికోసం బాడీ చెక్కితే రీసేల్ పడిపోతుంది.

రిస్క్: వేరే బేస్ కొరియర్‌లో తెప్పించుకుంటే చేతికొచ్చేదాకా టెన్షనే. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి, ఆంప్‌కి (స్పీకర్ పెట్టెకి) పెట్టి, ప్రతి తీగని ప్రతి ఫ్రెట్‌లో మోగించి, నాబ్ తిప్పితే గరగరలాడుతుందేమో విని కొనండి.

నెక్ చేతికి అలవాటై, సౌండ్ ఒక్కటే నచ్చకపోతే పికప్ మార్చండి. అంతకన్నా ముందు కొత్త తీగలు వేసి వినండి, చాలాసార్లు అక్కడే పనైపోతుంది. ఐదు తీగలు కావాలన్నా, బరువుకి భుజం పట్టేస్తున్నా అమ్మేయడమే నయం.