నెగెటివ్ స్కానర్ అని చెప్పి కాగితాల స్కానర్ అంటగట్టిండు, జర పైలం

పాత కెమెరాలు అమ్ముకుంట అందరినీ "తమ్మీ తమ్మీ" అనే అన్న మీకు తెల్సిందే కదా. పొద్దున మళ్ల ఇంకో స్కానర్ అమ్మకానికి పెట్టిండు, "కండిషన్ సూపర్" అని. అది చూసి కడుపు మండి రాస్తున్న.

నేను తీస్కున్నది పోలరాయిడ్ 600 (ఫోటో అప్పటికప్పుడే బయటికొచ్చే పాత కెమెరా), స్కానర్, రెండూ కలిపి 14,000. నల్లగొండ గడియారం సెంటర్ కాడ కలిసినం. నెగెటివ్ పెట్టి చూపియ్యన్నా అంటే "పెట్టే ఫ్రేము ఇంట్ల మర్చిపోయిన తమ్మీ, రేపే కొరియర్ చేస్త" అన్నడు. జిరాక్స్ షాపుల ప్లగ్గు అడిగి ఓ పెండ్లి కార్డు స్కాన్ చేసిండు. అచ్చు గుద్దినట్టు వచ్చింది. చాయ్ పైసలు గూడ ఆయనే ఇచ్చిండు, ఎంత దిల్‌దారో!

ఫ్రేము రాలే. అట్ట కత్తిరించి మా నాయిన పెండ్లి నెగెటివ్‌లు పెట్టిన, మూత కింది తెల్ల పలక గూడ తీసిన. మొత్తం నలుపే. కాగితానికి వెలుగు కిందికెల్లి వస్తది, నెగెటివ్‌కు మూతలున్న లైటు పైకెల్లి రావాలె. ఆ లైటే వెలుగుతలేదు. మర్చిపోయిన ఫ్రేము కథ అప్పుడు సమజైంది.

ఫోన్ చేస్తే "స్కాన్ అయితుందా లేదా? మరేంది?" అన్నడు. నెగెటివ్‌లు రాట్లే అన్నా అంటుంటే, కట్ చెయ్యకుండనే పక్కన ఎవరికో నవ్వుకుంట చెప్తుండు: "ఈ పోరగాళ్లకు ఏం తెల్వది, కొంటరు, మళ్ల ఏడుస్తరు." అంతా వింటనే ఉన్న. గప్పటిదాంక "తమ్మీ" అన్న నోరే అది! తర్వాత బ్లాక్.

కెమెరాకు "ఐ-టైప్ ఫిల్మ్ చవుక, అదే తెప్పించుకో" అని సలహా గూడ ఇచ్చిండు మహానుభావుడు. పాత 600కు కరెంటు వచ్చేదే ఫిల్మ్ డబ్బాలున్న బ్యాటరీకెల్లి. ఐ-టైప్‌ల బ్యాటరీయే ఉండదు. ఆయన మాట విని తెప్పించిన 8 ఫోటోల ఐ-టైప్ డబ్బా అట్లనే పడి ఉన్నది, కెమెరా పన్జేస్తదో లేదో దేవునికెరుక.

కొనేటోళ్లు ఓ నెగెటివ్ ముక్క జేబుల పెట్టుకపోండ్రి, మూత లైటు వెలిగినాకనే పైసలు కొట్టుండ్రి. పోలరాయిడ్‌కైతే ఖాళీ అయిన 600 డబ్బా పెట్టి మోటరు తిరుగుతదేమో చూడుండ్రి, ఫోటోలు అయిపోయినా బ్యాటరీల జర పానం మిగుల్తది. ఆయన దగ్గర పోలరాయిడ్‌దే ఇంకా పాత ల్యాండ్ కెమెరా గూడ ఉన్నదట, ఫోటో తీసినంక పైపొర పీకే ఫిల్మ్ వేసేది. ఆ రకం ఫిల్మ్ ఫ్యూజీ 2016లనే బంద్ పెట్టింది, దాని జోలికి పోకుండ్రి.

స్క్రీన్‌షాట్లు నా కాడ ఉన్నయి, కావాల్నంటే పంపుత.