బడికి వేసుకెళ్లే కిర్పాన్ సెట్: నాందేడ్‌లో కొన్నాం, వాడాక చెబుతున్నా

మాది హైదరాబాద్ అత్తాపూర్ సిఖ్ ఛావనీ. ఇప్పుడు మాంట్రియల్‌లో ఉంటున్నాం. పోయిన సెలవుల్లో నాందేడ్ హజూర్ సాహిబ్ గురుద్వారాలో మా అబ్బాయి అమృత్ అనే సిక్కు దీక్ష తీసుకున్నాడు. అది తీసుకున్నవాళ్లు కిర్పాన్, అంటే మతచిహ్నమైన కత్తి, ఎప్పుడూ ఒంటిమీద ఉంచుకోవాలి. అక్కడే గురుద్వారా దగ్గర ఒక దుకాణంలో ఈ సెట్ కొన్నాం. చిన్న కిర్పాన్, చెక్క ఒర, మందపాటి గుడ్డ సంచి, దాన్ని భుజాన వేసుకునే పట్టీ (గాత్రా) ఉన్నాయి.

ఇనుప ఒర వద్దని ముందే చెప్పాను, కారణం ఉంది. 2001లో ఇక్కడే మాంట్రియల్‌లో గుర్బాజ్ సింగ్ ముల్తానీ అనే విద్యార్థి కిర్పాన్ బడి ఆవరణలో జారిపడింది. స్కూల్ బోర్డు కిర్పాన్ వద్దనడంతో అతను ప్రైవేటు బడికి మారాల్సి వచ్చింది. చివరికి 2006 మార్చిలో కెనడా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఆ కేసులో ఒప్పుకున్న షరతులు ఇవీ: కిర్పాన్ బట్టల లోపల ఉండాలి, ఒర చెక్కదై ఉండాలి, ఒరతో సహా గట్టి గుడ్డలో పెట్టి కుట్టేయాలి, ఆ గుడ్డను గాత్రాకు కుట్టాలి.

ఒర చాలా బాగుంది. తలకిందులు చేసి ఊపినా కిర్పాన్ కదల్లేదు. గాత్రా మెత్తటి కాటన్, చెమట పట్టినా భుజం ఒరుసుకోలేదు. చొక్కా లోపల ఉన్నట్టే తెలియదు.

లోపమల్లా కుట్టులోనే. సంచి గాత్రాకు కలిసేచోట ఒక్క వరుస మిషన్ కుట్టు వేసి వదిలేశారు. పీటీ క్లాసులు మొదలయ్యాక అక్కడ దారాలు లేచిపోయాయి. నాకు ఒకటే టెన్షన్, ఊడి కిందపడితే మళ్లీ అదే గొడవ కదా! నైలాన్ దారంతో రెండు వరుసలు వేసి, మూలల్లో అడ్డంగా కూడా కుట్టాను. ప్రిన్సిపాల్ మేడమ్ సంచి పట్టుకుని లాగి చూసి, సరే అన్నారు.

తోటి పిల్లల తల్లులు భయపడితే నాకు కోపం రాదు. కానీ బడిలో కత్తెరలుంటాయి, బేస్‌బాల్ బ్యాట్లుంటాయి. కోర్టూ ఆ మాటే అంది. కెనడా బడుల్లో నూరేళ్లలో కిర్పాన్‌తో ఒక్క హింసాత్మక ఘటన కూడా నమోదు కాలేదనీ గుర్తుచేసింది. అమృత్ తీసుకున్న పిల్లాణ్ని కిర్పాన్ తీసేసి రమ్మంటే, రావద్దన్నట్టే.

ఐదుకు నాలుగు ఇస్తాను. కొనేటప్పుడు అక్కడే డబుల్ కుట్టు వేయించుకోండి. విదేశాలకు తెచ్చేవాళ్లు చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టండి, ఇండియాలో విమానం ఎక్కేటప్పుడు క్యాబిన్‌లోకి అనుమతి దేశం లోపలి విమానాల్లోనే.