ఉచిత సహాయం వెనుక ఎవరో ఒకరి రాత్రిపూట

2017 నుంచి శ్రీకాకుళంలోని ఒక ప్రైవేటు కళాశాలలో సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ పాఠాలు చెబుతున్నాను. కంప్యూటర్ నెట్‌వర్కుల పని నేర్పడానికి సిస్కో కంపెనీ 1997లో మొదలుపెట్టిన కార్యక్రమం ఇది. పాఠాలకు గానీ, తెర మీదే ఉత్తుత్తి నెట్‌వర్కులు కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్‌కు గానీ మా కళాశాల ఇంతవరకు పైసా కట్టలేదు. సిస్కో సర్టిఫికెట్ ఇచ్చే సీసీఎన్ఏ పరీక్షకు మాత్రం విడిగా 300 డాలర్లు, పైన పన్ను. అందుకే మా పిల్లల్లో దాని జోలికి వెళ్లినవాళ్లు తక్కువే.

ప్యాకెట్ ట్రేసర్ గురించి ఎక్కువ చెప్పను. నిజమైన రూటర్ కొనలేని ల్యాబులో, పాత కంప్యూటర్ల మీదే పిల్లలు నెట్‌వర్కులు కట్టి, పాడుచేసి, మళ్లీ కడతారు. అది చాలు. అసలు చెప్పాల్సింది సహాయం సంగతి.

ఈ ఏర్పాటులో మాలాంటి అకాడమీలకు అండగా సపోర్ట్ సెంటర్లు ఉంటాయి. మాకు కేటాయించినది వేరే జిల్లాలోని ఒక కళాశాల. అక్కడి అధ్యాపకుడు ఏది అడిగినా ఆ రాత్రికే జవాబిచ్చేవారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం పిల్లల ఇళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. వాళ్ల పరీక్షల గడువు ఎలా మార్చాలో ఆయన ఫోనులోనే దగ్గరుండి చేయించారు.

తరువాత ఆయన ఉద్యోగం మారారు. నా తరువాతి ప్రశ్నకు పన్నెండు రోజులకు జవాబు వచ్చింది: మార్గదర్శి చదువుకోండి, అని. మండిపోయాను. కొన్నాళ్లకు పాతాయన కలిసినప్పుడు తెలిసింది, ఆ పనికి ఆయనకు జీతంలో ఒక రూపాయి పెరగలేదు, తరగతుల్లో ఒక గంట తగ్గలేదు. నాకిచ్చిన జవాబులన్నీ భోజనాల వేళ రాసినవే. అరసవల్లిలో అన్నప్రసాదం ఉచితమే, కానీ బియ్యానికి దాతలుంటారు, వంటవాడికి జీతం ఉంటుంది. ఇక్కడ వంటవాడినే దాతను చేశాం.

అప్పటి నుంచి ల్యాబులో ఒక నోటు పుస్తకం పెట్టాం. పిల్లలు అడిగిన ప్రతి ప్రశ్న, దొరికిన జవాబు అందులో రాస్తారు. ఏడాది తిరిగేసరికి చూస్తే సగం ప్రశ్నలు రెండే. మొదటిది, ప్యాకెట్ ట్రేసర్‌లో స్విచ్ (కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే పెట్టె) దగ్గర నారింజ రంగు చుక్క ఎందుకు? కేబుల్ పాడైందని పీకి మళ్లీ పెడతారు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. లూపు, అంటే సమాచారం చుట్టూ తిరుగుతూనే ఉండే దారి, లేదని స్విచ్ నిర్ధారించుకోవడానికి 30 సెకన్లు పడుతుంది, చేతులు కట్టుకుని కూర్చుంటే అదే పచ్చబడుతుంది. రెండోది, రూటర్ పోర్టును ఆన్ చేసే ‘నో షట్‌డౌన్’ ఆదేశం ఇవ్వడం మరిచిపోవడం. వీటికి రెండో ఏడాది పిల్లలు చాలు. పుస్తకంలో లేనిదే నా దగ్గరికి, నాకు తేలనిదే సెంటర్‌కు. ఇప్పుడు నెలకు ఒకటి రెండు కన్నా పైకి పంపడం లేదు. జవాబు కూడా త్వరగానే వస్తోంది.

పాఠాలకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను. సహాయానికి మార్కులు వెయ్యలేను, అవతల కూర్చున్న మనిషిని బట్టి రెండూ కావచ్చు, ఐదూ కావచ్చు. కొత్తగా చేరే కళాశాలలు ఈ పని చూసేవారికి వారానికి రెండు పీరియడ్లు తగ్గించాకే చేరాలని నా మాట. మా ప్రిన్సిపాల్ గారిని అదే అడిగితే, “ఉచితం కదమ్మా, దానికి పీరియడ్లెందుకు?” అన్నారు. మూడేళ్లు అడిగాక ఈ ఏడాది ఒకటి తగ్గించారు. శనివారం ఆఖరిది.