చలానా వెంటనే కట్టాలా, రాయితీ కోసం ఆగాలా?

ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. బండి నంబరు, రాంగ్ పార్కింగ్, ఇంత జరిమానా అని. హైదరాబాద్‌లో చాలామంది నోట వెంటనే వచ్చే మాట ఒకటే: "ఉండనీ, ఎలాగూ డిస్కౌంట్ పెడతారుగా!"

ఆ ఆశ ఊరికే పుట్టలేదు. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ చలానాల మీద బైకులకు, ఆటోలకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. గడువును ఏప్రిల్ 15 దాకా పొడిగించారు. 2023 డిసెంబరు 26 నుంచి మళ్లీ ఇచ్చారు. ఈసారి బైకులకు, ఆటోలకు 80, కార్లకు, లారీలకు 60, ఆర్టీసీ బస్సులకు, తోపుడుబళ్లకు 90 శాతం. అంటే వెయ్యి రూపాయల చలానా బైకు ఉన్నవాళ్లకు 200తో, కారు ఉన్నవాళ్లకు 400తో తీరిపోయింది. డబ్బు లెక్క ఒక్కటే చూస్తే ఆగినవాళ్లకే లాభం. ఠంచనుగా కట్టినవాళ్లకు కడుపు మండిందంటే అందులో తప్పేమీ లేదు.

అయినా ఆగమని నేను చెప్పను. మొదటి రాయితీ ముగిశాక రెండోది రావడానికి ఇరవై నెలలు పట్టింది. అన్నాళ్లూ మనం ఆ చలానా తెరిచి కూడా చూడం. అసలు నష్టం అక్కడే.

నిరుడు మా బావగారు స్కూటరు అమ్మకానికి పెట్టారు. కొనడానికొచ్చిన కుర్రాడు టీ తాగుతూనే ఫోన్‌లో నంబరు కొట్టి, "అంకుల్, తొమ్మిది చలానాలున్నాయి" అన్నాడు. ఒక్కో ఫోటో తెరిచి చూశాం. ఆరు ఆయనవే, హెల్మెట్ లేకుండా సందు చివరికి పాలకెళ్లినప్పటివి. మిగతా మూడింట్లో ఉన్నది అసలు ఆయన బండే కాదు. ఆయనది మెరూన్ స్కూటరు, ఫోటోలో నల్ల బైకు. ఆ బైకు ప్లేటు మీద చివరి అంకె 3, బోల్టు పక్కన మట్టి అంటుకుని 8లా కనిపిస్తోంది. వచ్చిన వారంలోనే చూసి ఉంటే ఆర్సీ, బండి ఫోటో జతచేసి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టేవాళ్లం. బేరం మధ్యలో అంత ఓపిక ఎవరికుంటుంది? ఆ మూడింటి డబ్బు కూడా కుర్రాడు ధరలోంచి కోసేశాడు.

అందుకే కట్టాలా ఆగాలా అనేదానికన్నా ముందు, ఫోటో చూశామా లేదా అన్నది తేలాలి. బండి రంగు, మోడల్, ప్లేటు, చోటు, టైము చూడండి. మనది కాకపోతే పైసా కట్టకుండా ఫిర్యాదు చేయడమే మేలు. మనదే అయితే ఆ నెల జీతంలోనే తీర్చేయడం మేలు.

రాంగ్ పార్కింగ్‌కి మాత్రం "అక్కడ నో పార్కింగ్ బోర్డే లేదు" అన్న వాదన నమ్ముకోవద్దు. 2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ఫుట్‌పాత్ మీద, మలుపులో, బస్టాపు దగ్గర, బడి, ఆసుపత్రి గేట్ల దగ్గర బోర్డు లేకపోయినా బండి ఆపకూడదు. ఆసుపత్రి గేటుకు అడ్డంగా ఆగిన కారు వెనక అంబులెన్సు హారన్ కొడుతూ నిలబడిపోవడం ఒక్కసారి చూస్తే ఆ జరిమానా ఎక్కువనిపించదు.

లోక్ అదాలత్ సంగతి వేరు. రాజీకి వీలున్న కేసులు అక్కడ తేలతాయి, ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు. పాత చలానాలు గుట్టగా పేరుకుపోయి ఒక్కసారిగా కట్టలేనివాళ్లకు అది మంచి దారే. ఒకటి రెండు చలానాలకు దానికోసం కాచుకు కూర్చోనక్కర్లేదు. తాగి నడిపిన కేసు ఇలా ఫోన్‌లో కట్టి వదిలించుకునేది కాదు, కోర్టుకు వెళ్లాల్సిందే. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, పదివేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఇంకో సంగతి, రాయితీ కోసం ఎదురుచూసేవాళ్లకు ముఖ్యంగా. చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలు (తెరిస్తే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) పొరపాటున కూడా తెరవకండి. బ్యాంకు ఖాతా ఖాళీ చేసే మోసాలు ఆ ఫైళ్లతోనే జరుగుతున్నాయి. మెసేజ్‌లో లింకు నొక్కకుండా పోలీసుల ఈ-చలానా సైటులోకి మీరే వెళ్లి నంబరు కొట్టి చూసుకోండి, లేదా మీసేవలో కట్టండి. రసీదును స్క్రీన్‌షాట్ తీసి ఆర్సీ ఫోటో పక్కనే దాచుకోండి. బండి అమ్మేనాడు అడుగుతారు.