డెబ్బై సిస్టమ్స్‌ని ఒక్క కుర్చీలోంచి ఆపడం: షట్‌డౌన్ కమాండ్, వేయాన్ వాడకం మీద నా సమీక్ష

ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబులు చూసుకునే పని నాది. రెండు అంతస్తుల్లో రెండు ల్యాబులు, అన్నీ కలిపి డెబ్బై దాకా సిస్టమ్స్. సాయంత్రం ఆఖరి బ్యాచ్ వెళ్ళాక ఒక్కో బల్ల దగ్గరికీ పోయి ఆపుకుంటూ రావడమంటే అరగంట పైనే పడుతుంది. పిల్లలేమో మానిటర్ బటన్ నొక్కేసి సిస్టమ్ ఆగిపోయిందనుకుని వెళ్ళిపోతారు. తెర నల్లగానే ఉంటుంది, బల్ల కింద సీపీయూ మాత్రం తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటుంది. అందుకే కొన్నేళ్ళుగా అన్నిటినీ నెట్‌వర్క్ మీద నుంచే ఆపుతున్నాను. వాడేవి రెండే: విండోస్‌తో పాటే వచ్చే షట్‌డౌన్ కమాండ్, ల్యాబంతటినీ ఒక్క తెర మీద చూస్తూ నడిపించే, ఉచితంగా దొరికే వేయాన్ అనే సాఫ్ట్‌వేర్. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ల డెమోలు కూడా చూశాను. కాలేజీ ల్యాబుకి ఈ రెండింటిని మించి అక్కర్లేదు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. దూరం నుంచి సిస్టమ్ ఆపడం తేలికే. ఆపే ముందు అవతల ఎవరైనా కూర్చున్నారా, వాళ్ళ పని సేవ్ అయిందా అన్నది మనకి తెలియాలి, అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఏ టూల్‌నైనా నేను తూచేది దీన్ని బట్టే.

షట్‌డౌన్ కమాండ్ విండోస్ ఎక్స్‌పీ నాటి నుంచీ ఉంది. కమాండ్ ప్రాంప్ట్‌లో షట్‌డౌన్ అని కొట్టి, ఆపాలంటే స్లాష్ ఎస్, రీస్టార్ట్ చేయాలంటే స్లాష్ ఆర్ ఇస్తాం. స్లాష్ ఎం పక్కన రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి అవతలి సిస్టమ్ పేరు, స్లాష్ టీ పక్కన ఎన్ని సెకన్లు ఆగాలో రాస్తాం. కమాండ్లంటే పడనివాళ్ళు ఉత్తినే స్లాష్ ఐ కొడితే చిన్న విండో తెరుచుకుంటుంది, అందులో పేర్లు చేర్చుకుని ఓకే నొక్కొచ్చు. పది సిస్టమ్స్ ఉన్న చిన్న ఆఫీసుకి ఆ విండో చాలు. నేనైతే పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టి, బ్యాచ్ ఫైల్‌తో, అంటే కమాండ్లు రాసిపెట్టి ఒకేసారి నడిపే ఫైల్‌తో, వరసగా పంపుతాను. అప్పటికే ఆగి ఉన్న సిస్టమ్‌కి కమాండ్ పంపితే అది కొన్ని సెకన్లు ఎదురుచూసి, నెట్‌వర్క్ పాత్ దొరకలేదంటూ 53 నంబరు ఎర్రర్ ఇస్తుంది. అలాంటివి ఇరవై ఉంటే బ్యాచ్ ఫైల్ నత్తనడకన సాగుతుంది. ముందు ఒక్క పింగ్ కొట్టి, అంటే సిస్టమ్ ఆన్‌లో ఉందా అని నెట్‌వర్క్ మీద పలకరించి, పలికిన వాటికే కమాండ్ పంపేలా రాసుకుంటే ఆ బాధ ఉండదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళందరూ ఆగిపోయే చోటు ఇంకోటుంది: యాక్సెస్ డినైడ్, 5 నంబరు ఎర్రర్. డొమైన్, అంటే అన్ని సిస్టమ్స్ అకౌంట్లనీ ఒకే సర్వర్ చూసుకునే ఏర్పాటు, ఉన్న ఆఫీసుల్లో ఇది పెద్దగా ఎదురవదు, డొమైన్ అడ్మిన్‌కి అన్ని సిస్టమ్స్ మీదా హక్కు ఉంటుంది కాబట్టి. ఏ సిస్టమ్ అకౌంట్లు ఆ సిస్టమ్‌లోనే ఉండే మా లాంటి వర్క్‌గ్రూప్ ల్యాబుల్లో అలా కాదు. అన్ని సిస్టమ్స్‌లోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో అడ్మిన్ అకౌంట్ పెట్టినా సరే, విండోస్ విస్టా నుంచి వచ్చిన యూఏసీ (అడ్మిన్ హక్కులకి కాపలా కాసే ఏర్పాటు) పుణ్యమా అని నెట్‌వర్క్ మీద వచ్చే లోకల్ అడ్మిన్‌కి పూర్తి హక్కులు దక్కవు. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో లోకల్‌అకౌంట్‌టోకెన్‌ఫిల్టర్‌పాలసీ అనే విలువని 1 చేస్తేనే పని జరుగుతుంది. దాంతో పాటు ఫైర్‌వాల్‌లో ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రూల్, అంటే 445 పోర్టు, తెరవాలి.

చాలామంది సలహాలు ఇక్కడితో ఆపేస్తారు. నేను ఆపను. రిజిస్ట్రీ విలువ మార్చి, పోర్టు అందరికీ తెరిచి, పాస్‌వర్డ్ ఒకటే పెట్టారంటే, ఒక్క సిస్టమ్‌లో దూరిన వైరస్‌కి మిగతా ల్యాబంతా తలుపులు తీసి పెట్టినట్టే. 2017 మే నెలలో వన్నాక్రై రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్) పాకింది ఈ 445 దారిలోనే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అందుకని ఫైర్‌వాల్ రూల్ తెరిచేటప్పుడు స్కోప్ ట్యాబ్‌లోకి వెళ్ళి, రిమోట్ అడ్రస్ దగ్గర మీరు కూర్చునే సిస్టమ్ ఐపీ ఒక్కటే రాయండి. ఒక్క నిమిషం పని. నేను ఏ ల్యాబుకి సాయానికి వెళ్ళినా మొదట చూసేది అదే. ఎక్కువ చోట్ల అక్కడ ఎనీ, అంటే ఎవరైనా రావచ్చు అని ఉంటుంది.

ఇక ఆపే విషయం. స్లాష్ ఎఫ్ ఇస్తే తెరిచి ఉన్న ప్రోగ్రాములని బలవంతంగా మూసేస్తుందని అందరికీ తెలుసు. ఇవ్వకపోతే ఏ ప్రమాదమూ లేదనుకుంటారు, అది నిజం కాదు. స్లాష్ టీ దగ్గర సున్నా కంటే ఎక్కువ ఏ సంఖ్య ఇచ్చినా స్లాష్ ఎఫ్ దానంతటదే అమల్లోకి వస్తుంది. అసలు టైమే ఇవ్వకపోతే 30 సెకన్లు తీసుకుంటుంది కాబట్టి అప్పుడూ అంతే. కమాండ్ హెల్ప్‌లో ఈ ముక్క స్పష్టంగానే ఉంది, చదివేవాళ్ళే తక్కువ. అంటే గడువు ముగిసేసరికి సేవ్ చేయని కోడ్ పోయినట్టే లెక్క. సున్నా ఇచ్చి, ఎఫ్ ఇవ్వకుండా పంపితే మాత్రం సేవ్ చేయని ఫైల్ ఉన్న ప్రోగ్రామ్ అడ్డం పడుతుంది, సిస్టమ్ ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఫైల్ బతుకుతుంది కానీ సిస్టమ్ ఆగదు.

నా పద్ధతి 300 సెకన్లు ఇవ్వడం, స్లాష్ సీ తో ఒక సందేశం జత చేయడం. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలే రాస్తాను: 'ఐదు నిమిషాల్లో ఆగిపోతుంది, సేవ్ చేసుకోండి' అని. ఇంగ్లిష్ హెచ్చరిక వస్తే పిల్లలు చదవకుండానే క్లోజ్ కొట్టేస్తారు. క్లోజ్ కొట్టినంత మాత్రాన షట్‌డౌన్ ఆగదని వాళ్ళకి తెలియదు. తెలుగు మాట కనబడితే మాత్రం చెయ్యి ఆగుతుంది. ఫస్ట్ ఇయర్ సీ ప్రోగ్రామింగ్ ల్యాబులో ఆ సందేశం వెళ్ళగానే మూడో వరుసలోంచి ఎవరో ఒకరు 'సార్, అవుట్‌పుట్ ఒక్కటే రావాలి సార్, రెండు నిమిషాలు' అంటారు. వాళ్ళ సిస్టమ్ పేరుతో స్లాష్ ఏ పంపితే అక్కడ మాత్రం షట్‌డౌన్ రద్దవుతుంది, మిగతావి తమ దారిన ఆగిపోతాయి. ఈ కమాండ్‌లో నాకు బాగా నచ్చింది ఈ రద్దు సౌకర్యమే. కాస్త తెలివైన పిల్లలు తమ సిస్టమ్‌లో తామే స్లాష్ ఏ కొట్టేసి రద్దు చేసుకుంటారు, మామూలు యూజర్‌కి కూడా ఆ హక్కు ఉంటుంది. ఆ సంగతి కనిపెట్టినవాడు నెట్‌వర్కింగ్ పాఠం సగం నేర్చుకున్నట్టే, నేనేమీ అనను.

ఎండాకాలంలో ఈ ఏర్పాటు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. కరెంటు పోతుంది, జనరేటర్ అందుకోవడం ఆలస్యమవుతుంది, యూపీఎస్ కూత మొదలెడుతుంది. పాత బ్యాటరీలు ఎంతసేపు లాగుతాయో చెప్పలేం. అలాంటప్పుడు ఖాళీగా ఉన్న సిస్టమ్స్ వెంటనే ఆపేస్తే, పని చేసుకుంటున్న వాటికి ఇంకొంచెంసేపు బ్యాటరీ మిగులుతుంది. అయితే దీనికి ల్యాబులోని నెట్‌వర్క్ స్విచ్ కూడా యూపీఎస్ లైను మీదే ఉండాలి. చాలాచోట్ల సిస్టమ్స్‌కి యూపీఎస్ ఇచ్చి, గోడ మీద పెట్టెలో ఉన్న స్విచ్‌ని మామూలు ప్లగ్గుకి తగిలిస్తారు. అప్పుడు సిస్టమ్స్ అన్నీ వెలుగుతూనే ఉంటాయి, ఒక్కదానికీ కమాండ్ చేరదు.

ఏది ఖాళీగా ఉంది, దేని ముందు మనిషి ఉన్నాడు అన్నది షట్‌డౌన్ కమాండ్ చెప్పలేదు. ఆ లోటు తీర్చేది వేయాన్. ఒకప్పుడు ఐటాల్క్ పేరుతో ఉన్న ప్రాజెక్టే ఇది, ఓపెన్ సోర్స్, విండోస్, లినక్స్ రెండింటిలోనూ నడుస్తుంది. నా తెర మీద ల్యాబంతా చిన్న చిన్న బొమ్మలుగా కనబడుతుంది. ఎవరి దగ్గర ప్రోగ్రాములు రాసే కోడ్‌బ్లాక్స్ తెరిచి ఉంది, ఎవరి దగ్గర ఉత్త డెస్క్‌టాప్ ఉంది, ఎక్కడ లాగిన్ కాలేదు అన్నీ ఒక్క చూపులో తెలిసిపోతాయి. ఖాళీవి ఎంచుకుని పవర్ డౌన్ నొక్కడమే. అందులోనూ రకాలున్నాయి: వెంటనే ఆపడం, గడువు ఇచ్చి ఆపడం, అప్‌డేట్లు వేసి ఆపడం, అవతలి మనిషి సరే అన్నాకే ఆపడం. ఆఖరి రకం ఒక్కదాని కోసమైనా దీన్ని ఇన్‌స్టాల్ చేసుకోవచ్చంటాను. క్లాసు నడుస్తుండగా నేను వాడేది అదే.

వేయాన్‌కి లాగిన్ పద్ధతి కంటే కీ ఫైల్ పద్ధతి మేలు. ప్రైవేట్ కీ టీచర్ సిస్టమ్‌లో, పబ్లిక్ కీ విద్యార్థుల సిస్టమ్స్‌లో ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీద తిప్పాల్సిన పని లేదు, పైన చెప్పిన రిజిస్ట్రీ మార్పూ అక్కర్లేదు, 11100 పోర్టు ఒక్కటి తెరిస్తే చాలు. ఇబ్బందులూ ఉన్నాయి. ప్రతి సిస్టమ్‌లో దీన్ని వేయాలి, దాని సర్వీస్ నడుస్తూ ఉండాలి. ఏ అప్‌డేటో వికటించి సర్వీస్ పడిపోతే ఆ సిస్టమ్ బొమ్మ బూడిదరంగులోకి మారి మాట వినదు. అలాంటి వాటికోసమే షట్‌డౌన్ కమాండ్‌ని పూర్తిగా వదిలేయలేదు. ఇంకో మాట: పిల్లల తెరలు మనకి కనబడతాయి కాబట్టి ఆ సంగతి వాళ్ళకి మొదటి రోజే చెప్పాలి. మా ల్యాబు తలుపు మీద కాగితం అంటించే ఉంటుంది.

రీస్టార్ట్‌ది వేరే కథ. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. స్టార్ట్ మెనూలో షట్‌డౌన్ నొక్కితే విండోస్ కెర్నెల్, అంటే దాని మూల భాగం, పూర్తిగా ఆగదు, డిస్కులో దాచుకుని మర్నాడు అక్కడినుంచే లేస్తుంది. రోజూ ఆపుతున్న సిస్టమ్‌లో కూడా టాస్క్ మేనేజర్ తెరిస్తే అప్‌టైమ్ రోజుల తరబడి కనబడేది అందుకే. రీస్టార్ట్ చేస్తేనే నిజంగా మొదటి నుంచి లేస్తుంది. కమాండ్‌తో స్లాష్ ఎస్ ఇచ్చినా పూర్తిగానే ఆపుతుంది, హైబ్రిడ్ అని విడిగా అడిగితే తప్ప. ప్రింటర్ దొరకడం లేదు, సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదు లాంటి ఫిర్యాదులు చాలావరకు ఒక్క అసలైన రీస్టార్ట్‌తో పోతాయి.

ల్యాబ్ ఎగ్జామ్ రోజు పొద్దున్నే అన్నిటినీ రీస్టార్ట్ చేసి, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చేలోపు అన్నీ లేచాయో లేదో చూసుకోవాలి. దీనికి విండోస్‌లోనే ఉండే ఇంకో కమాండ్ విండో, పవర్‌షెల్‌లోని రీస్టార్ట్-కంప్యూటర్ కమాండ్ మేలు. వెయిట్ అని జత చేస్తే, అవతలి సిస్టమ్ మళ్ళీ లేచి పలికేదాకా ఆగి అప్పుడు చెబుతుంది. షట్‌డౌన్ కమాండ్ పంపి ఊరుకుంటుంది, లేచిందో లేదో పట్టించుకోదు. వెయిట్‌కి గడువు కూడా ఇవ్వండి, లేకపోతే లేవని సిస్టమ్ కోసం అలా ఎదురుచూస్తూనే ఉంటుంది.

దూరం నుంచి ఆన్ చేయడంలో మాత్రం నాకు సగం సంతోషమే. వేక్-ఆన్-ల్యాన్‌కి పంపే మ్యాజిక్ ప్యాకెట్ చాలా చిన్నది: ఆరు బైట్లు ఎఫ్ఎఫ్, ఆ తర్వాత ఆ నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ (కార్డుకి ఉండే సొంత గుర్తింపు నంబరు) పదహారు సార్లు, మొత్తం 102 బైట్లు. వేయాన్‌లో మ్యాక్ అడ్రస్‌లు నింపి పెట్టుకుంటే పవర్ ఆన్ బటన్ ఇదే పంపుతుంది. సిస్టమ్ లేవాలంటే బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందే వచ్చే సెట్టింగుల్లో, వేక్-ఆన్-ల్యాన్ ఆన్‌లో ఉండాలి, కరెంటు పొదుపు కోసం ఉండే ఈఆర్‌పీ లేదా డీప్ స్లీప్ ఆఫ్‌లో ఉండాలి. మా సిస్టమ్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, రియల్‌టెక్ కార్డు సెట్టింగుల్లో షట్‌డౌన్ వేక్-ఆన్-ల్యాన్ ఎనేబుల్ చేశాకే లేవడం మొదలైంది. ప్యాకెట్ బ్రాడ్‌కాస్ట్‌గా వెళ్తుంది కాబట్టి మామూలుగా రూటర్ దాటదు. కింది అంతస్తు ల్యాబు వేరే వీల్యాన్‌లో, అంటే విడగొట్టిన వేరే నెట్‌వర్క్‌లో ఉండటంతో అక్కడి సిస్టమ్స్‌ని అక్కడి సిస్టమ్ ఒకదాని నుంచే లేపుతాను.

ఇవన్నీ సరిచేసుకున్నా మన కాలేజీల్లో దీన్ని దెబ్బతీసేది రాత్రి పూట మెయిన్ ఆపేసే అలవాటు. వాచ్‌మన్ ఎంసీబీ దించగానే నెట్‌వర్క్ కార్డుకి అందే స్టాండ్‌బై కరెంటు కూడా పోతుంది, ఇక వినేదెవరు? షార్ట్ సర్క్యూట్ భయం న్యాయమైనదే, అతన్ని తప్పు పట్టను. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో పెట్టొచ్చు కానీ, ఎంసీబీ ఎత్తగానే ముప్పై పైచిలుకు సిస్టమ్స్ ఒక్కసారిగా లేస్తే యూపీఎస్ ఓవర్‌లోడ్ అంటుంది. మేం వరుసకో ఎంసీబీ పెట్టించుకుని ఒక్కోటీ నిమిషం తేడాతో ఎత్తుతున్నాం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని పాత సిస్టమ్స్‌లో ఉబుంటు లినక్స్ వేశాం. ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే దూరం నుంచి లాగిన్ అయ్యి కమాండ్లిచ్చే పద్ధతితో, వాటిని ఆపడం ఇంకా హాయి, రిజిస్ట్రీ గొడవే లేదు. ఒక్క జాగ్రత్త: లినక్స్ షట్‌డౌన్ ఇచ్చే హెచ్చరిక టెర్మినల్ తెరిచి ఉన్నవాళ్ళకే కనబడుతుంది. బ్రౌజర్‌లోనో ఎడిటర్‌లోనో ఉన్న విద్యార్థికి ఏమీ తెలియదు, గడువు ముగియగానే తెర నల్లబడుతుంది. అందుకే ఉబుంటు సిస్టమ్స్‌కి ముందు వేయాన్‌తో టెక్స్ట్ మెసేజ్ పంపి, ఆ తర్వాతే కమాండ్ ఇస్తాను.

సిస్టమ్‌లో ఎప్పుడేం జరిగిందో చూపే విండోస్ ఈవెంట్ వ్యూయర్ సంగతి కూడా చెప్పాలి. సిస్టమ్ లాగ్‌లో 1074 నంబరు చూస్తే ఏ అకౌంట్, ఏ ప్రోగ్రామ్ ద్వారా, ఎన్నింటికి ఆపిందో, స్లాష్ సీ లో రాసిన సందేశంతో సహా ఉంటుంది. ముందుమాట లేకుండా కరెంటు పోయి ఆగితే 1074 ఉండదు, తర్వాత లేచినప్పుడు 6008 కనబడుతుంది. 'నా ప్రోగ్రామ్ సగంలో ఉండగా మీరే ఆపేశారు' అని ఫైనల్ ఇయర్ అమ్మాయి ఒకరు ప్రాజెక్టు రివ్యూ ముందు రోజు కళ్ళనీళ్ళతో వచ్చింది. ఇద్దరం కలిసి లాగ్ తెరిచాం: 6008 ఉంది, 1074 లేదు. ఆ బల్ల కింద పవర్ కేబుల్ వదులుగా ఉంది, కాలు తగిలినప్పుడల్లా ఊడుతోంది. కేబుల్ మార్చి, ఎడిటర్‌లో ఆటో సేవ్ ఆన్ చేసి ఇచ్చాను. ఆ తర్వాత రెండు ల్యాబుల్లోనూ అన్ని సిస్టమ్స్‌కీ ఆటో సేవ్ పెట్టేశాను.